అమృత్‌సర్ వాన, మలార్ రాగం, అమ్మ విన్న రామయ్య

వానాకాలం పాడే మలార్ రాగం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది పాట కాదు. అమృత్‌సర్‌లో మా ఇంటావిడ బీజీ రొట్టెలకి కలిపి పెట్టిన గోధుమపిండిలోంచి ఇంటాయన దార్‌జీ గిల్లుకుపోయే నిమ్మకాయంత ముద్ద. ఆ ముద్దని కాస్త నీళ్లతో తడిపి, అరచేతిలో బిళ్లలా ఒత్తి, జోడీలో ఎడమవైపుదాని తోలు మీద సరిగ్గా మధ్యలో అంటించేవాళ్లు. జోడీ అంటే తబలాకి అన్నలాంటిది, పంజాబ్‌లో గుర్బానీ, అంటే సిక్కు గురువుల పాటలు, పాడేవాళ్ల దగ్గర పాతకాలం నుంచీ ఉన్న వాయిద్యం. పిండి అంటించాక అరచేత్తో కొడితే, అప్పటిదాకా డబడబలాడిన తోలు ఒక్కసారిగా గుమ్మ్‌మని, ఎక్కడో ఊరవతల ఉరిమినట్టు మోగేది. మొదటిసారి అది చూసిన రోజు మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "మృదంగానికీ ఇంతేనే, ఎడమవైపు రవ్వ ముద్ద పెడతారు, మా గురువుగారి ఇంట్లో చూసేదాన్ని" అంది. అమృత్‌సర్ వచ్చిన ఐదు వారాల్లో ఆవిడ మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

మేం అక్కడికి వెళ్లింది 1995 జూన్‌లో. నాన్నకి బ్యాంకులో ప్రమోషన్ వచ్చింది, ప్రమోషన్ అంటే ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌ఫర్ అంటే ఆ రోజుల్లో దేశం ఆ చివర. మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. కాలవలు, కొబ్బరి చెట్లు తప్ప ఏం చూడని నేను ఆరో తరగతి పుస్తకాలు సర్దుకుని, హాల్ బజార్ వెనక సందులో ఒక పాత ఇంటి మేడ మీద వాటాలో దిగాను. కింద వాటాలో ఇంటివాళ్లు, ఇద్దరే పెద్దవాళ్లు, ఆయన్ని వీధంతా దార్‌జీ అనేది, ఆవిణ్ణి బీజీ అనేది, మేమూ అంతే అన్నాం. జూన్ నెల ఎండ గురించి ఏం చెప్పను, మధ్యాహ్నం కుళాయి తిప్పితే నీళ్లు వేడివేడిగా వచ్చేవి, రాత్రి మేడ మీద మంచాలకి నీళ్లు చల్లుకుని పడుకునేవాళ్లం. అమ్మకి పంజాబీ రాదు, హిందీ అంతంతమాత్రం. నాన్న పొద్దున పోతే రాత్రి ఎనిమిదికి. నేను స్కూల్లో. పాపం ఆవిడ రోజంతా ఎవరితో మాట్లాడేది?

జూలైలో ఒక సాయంత్రం దుమ్ము లేచి, ఆకాశం ఇటుక రంగులోకి తిరిగి, ఒక్కసారిగా వాన దంచేసింది. వీధి వీధంతా బయటికొచ్చి తడిసింది. ముసలివాళ్లు కూడా! మా ఊళ్లో వాన వస్తే ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరిగెడతాం, వీళ్లేంటి బయటికి పరిగెడుతున్నారు అని నేను ఆశ్చర్యపోయాను. ఆ నడుమే బీజీ పైకొచ్చి, రేపు సంగ్రాంద్, దర్బార్ సాహిబ్‌కి పోదాం, తయారుగా ఉండండి అని చెప్పింది. సంగ్రాంద్ అంటే సంక్రాంతే. మనకి సంక్రాంతంటే జనవరి ఒక్కటే గుర్తు గానీ వాళ్లకి ప్రతి నెల మొదటి రోజూ సంగ్రాందే, సూర్యుడు రాశి మారిన రోజు. గురుద్వారాల్లో ఆ రోజు బారహ్ మాహా అని పన్నెండు నెలల మీద గురు అర్జన్ దేవ్ రాసిన రచన చదివి, కొత్త నెల పేరు అందరికీ వినిపిస్తారు. జూలై 16న వచ్చేది సావన్ సంగ్రాంద్. మన శ్రావణం చంద్రుణ్ణి బట్టి ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. "ఇక్కడ శ్రావణం ముందే వచ్చేసిందా, మరి వరలక్ష్మీ వ్రతం ఎప్పుడు చేసుకోవాలి" అని అమ్మ చాలా సీరియస్‌గా అడిగింది నాన్నని.

స్వర్ణ దేవాలయం అని మనం అంటాం గానీ అక్కడివాళ్లెవరూ అలా అనరు. దర్బార్ సాహిబ్, లేకపోతే హర్‌మందిర్ సాహిబ్. తెల్లవారుజామున చెప్పులు జోడా ఘర్‌లో ఇచ్చేసి, తలమీద చున్నీ కప్పుకుని, గుమ్మంలో పారే నీళ్లలో కాళ్లు తడుపుకుని మెట్లు దిగితే ముందు కనిపించేది నీళ్లు. ఆ పెద్ద సరోవరం, మధ్యలో బంగారం. ఆ రోజు సన్నటి తుంపర పడుతోంది. నీళ్లలో బంగారు నీడ నిలబడబోతుంది, చినుకులు దాన్ని చెదరగొడతాయి, మళ్లీ నిలబడబోతుంది. చలవరాయి మీద పరిచిన పట్టాలు తడిసి పాదాల కింద బుసబుసలాడుతున్నాయి. లౌడ్ స్పీకర్లలోంచి కీర్తన్ వస్తోంది. బీజీ ఆగిపోయి, నా భుజం నొక్కి, "సుణ్ పుత్తర్, మలార్" అంది. విను, మలార్.

బరస్ ఘనా మేరా మన్ భీనా. మేఘమా కురువు, నా మనసు తడిసింది. గురు నానక్ రాసిన శబద్ అది. శబద్ అంటే మన కీర్తన అనుకోండి, కీర్తన్ అంటే వాళ్లకి పాడటం అనే పని. ఘనం అంటే మేఘమని, వర్షం వాళ్ల నోట్లో బరస్ అవుతుందని ఆ పిల్ల వయసులోనే నాకు టక్కున తెలిసిపోయింది. పరాయి ఊళ్లో ఒక పాట అర్థమైతే ఎంత గర్వంగా ఉంటుందో!

తర్వాత మూడేళ్లలో దార్‌జీ దగ్గర తెలుసుకున్నవి ఇక్కడ కొంచెం చెప్పాలి. గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటలు. వాళ్లు పుట అనరు, అంగ్ అంటారు, అంగం అన్నమాట, ఎందుకంటే ఆ గ్రంథం వాళ్లకి సజీవ గురువు, గురువుకి పేజీలుండవు కదా. అందులో రచనలని విషయాన్ని బట్టి కాక రాగాన్ని బట్టి పెట్టారు, మొత్తం 31 రాగాలు. మలార్ చివరికి దగ్గర్లో 1254వ అంగ్‌లో మొదలై 1293 దాకా నడుస్తుంది. గురు నానక్, గురు అమర్ దాస్, గురు రామ్ దాస్, గురు అర్జన్, వీళ్లతో పాటు భక్త నామదేవ్, భక్త రవిదాస్. ఒకే పుస్తకంలో, ఒకే రాగం కింద, గురువుల పక్కనే మరాఠీ దేశపు నామదేవుడూ, కాశీ చెప్పులు కుట్టే రవిదాసూ కూర్చున్నారు. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే చాలా ఇష్టంగా ఉంటుంది. సావన్, భాదోఁ రెండు నెలలూ వానాకాలం కాబట్టి ఆ రోజుల్లో మలార్ ఎక్కువ వినిపిస్తుంది, చలి తగ్గే కాలంలో బసంత్ రాగం వినిపించినట్టు.

దార్‌జీ దిల్‌రుబా వాయించేవారు. ఒళ్లో నిలబెట్టి, ఎడమ భుజానికి ఆనించి, కమానుతో లాగే తంతి వాయిద్యం అది. కింద మేకతోలు ఉంటుంది. వానాకాలం ఆ తోలు చెమ్మకి మెత్తబడిపోయి, శృతి జారిపోయేది. వాన మీద పాట పాడాలంటే వానే అడ్డం! అందుకని సాయంత్రం పాట మొదలెట్టే ముందు అరగంట సేపు దాన్ని అరవై క్యాండిల్ బల్బు దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ, చంటిపిల్లకి సాంబ్రాణి పొగ వేస్తున్నంత ఓపిగ్గా ఆరబెట్టేవారు. వేలి గోరుతో తోలు మీద టక్ టక్ కొట్టి చూసేవారు. ఆ చప్పుడు గట్టిపడ్డాక కింది తీగలు ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోయేవారు, అవి చాలా ఉంటాయి, వాటిని కమాను తాకదు, పై తీగ పలికినప్పుడు అవి వాటంతటవే కంపిస్తాయి. నన్ను పిలిచి చెవి అక్కడ పెట్టమనేవారు. పై తీగ మీద ఒక స్వరం లాగి ఆపేస్తే, లోపల ఇంకెవరో అదే స్వరం తిరిగి అంటున్నట్టు చిన్నగా వినిపించేది. జోడీ వాయించడానికి ఆయన మేనల్లుడు వచ్చేవాడు, నేను వీర్‌జీ అనేదాన్ని. బీజీ తాళాలు. ఇంతే కచేరీ, నాలుగు వైపులా గదులున్న వాకిట్లో, మధ్యలో పైకప్పు లేని చోట వాన పడుతూనే ఉండగా.

అమ్మ పెళ్లికి ముందు ఏడేళ్లు సంగీతం నేర్చుకుంది. రెండు మూడు రోజులు మేడ మెట్ల మీదే కూర్చుని విని, నాలుగో రోజు కిందకి దిగి, నాతో "ఇది మధ్యమావతిలా మొదలవుతోంది, కానీ కాదు, నిషాదాలు రెండూ వస్తున్నాయి, అడుగు" అంది. నేనేం అడగను? నాకు నిషాదమంటే ఏంటో తెలీదు. అమ్మే పాడి చూపించింది. మధ్యమం మీద నిలబడి, రిషభం మీదకి మెల్లగా జారి, అక్కడినుంచి పంచమం మీదకి ఒక్క గెంతు. దార్‌జీ కమాను ఆగిపోయింది. ఆయన అదే పలుకు దిల్‌రుబా మీద వాయించారు. అమ్మ మళ్లీ పాడింది. మా రి ప. మా... రి ప. జారడం, గెంతడం. మలార్ పోలికంతా అందులోనే ఉందని ఆయన అన్న మాట నేను అమ్మకి చెప్పాను, ఇద్దరికీ మధ్య నేనే దుబాసీని. వానలో గట్టు మీద నడుస్తుంటే కాలు జారి, పడకుండా ఎగిరి అవతల అడుగేసినట్టు ఉంటుంది ఆ పలుకు, అమ్మ అలాగే చెప్పింది. ఆ రోజు నుంచి అమ్మకి భాష అవసరం పడలేదు. బీజీ "ఆజా ధీయే" అనేది, రా కూతురా అని, అమ్మ వెళ్లి పక్కన కూర్చునేది.

ఒకసారి నేను తాన్‌సేన్ కథ చెప్పాను, స్కూల్లో చదివింది, మల్హార్, అంటే ఈ మలారే, పాడితే వాన కురుస్తుందని. మన దగ్గరా ఉందిగా, అమృతవర్షిణి పాడితే వర్షం పడిందని ముత్తుస్వామి దీక్షితుల గురించి చెప్పుకునేది. దార్‌జీ కొట్టిపారెయ్యలేదు, కానీ మా మలార్‌లో అలా ఉండదు పుత్తర్ అన్నారు. ఇక్కడ పాడేవాడు వానని పిలిపించేంత గొప్పవాడు కాదు. పాడేవాడు బాబీహా. అంటే చాతక పక్షి. వాన చుక్క తప్ప ఇంకో నీళ్లు తాగదని మనమూ చెప్పుకునే పక్షే. గురు అమర్ దాస్ శ్లోకం ఒకటి చదివారు: అమృతవేళ, అంటే తెల్లవారకముందు, బాబీహా అరిచింది, ఆ మొర దర్బారులో వినపడింది, దయతో కురవమని మేఘానికి ఫర్మానా వెళ్లింది. అరవడం వరకే పక్షి పని. హుకుం ఇచ్చేది ఇంకొకరు. నాకు తాన్‌సేన్ కథ కంటే ఇది నచ్చింది, ఇప్పటికీ ఇదే నచ్చుతుంది, వాన రప్పించగలిగినవాడి పాట కంటే వాన కోసం గొంతు ఎండబెట్టుకున్నవాడి పాటలోనే తడి ఎక్కువ.

సావన్‌లో ఇంకా బోలెడుండేవి. ఆడపిల్లలకి తీయాఁ పండగ. రావి చెట్టు కొమ్మలకి తాళ్లు కట్టి పీంఘ్, అంటే ఉయ్యాల, వేసేవాళ్లు. శ్రావణ శుద్ధ తదియ నాడు మొదలవుతుంది కాబట్టి ఆ పేరు. తీజ్ అంటే తదియే. అమ్మ వెంటనే "మన అట్లతద్దే ఇది" అని తేల్చేసింది, తదియ, ఉయ్యాల, పైగా ఆ రోజుల్లో బీజీ వాళ్లు పూడే అని బెల్లంతో తియ్యటి అట్లు వేసి ఖీర్‌లో ముంచుకు తినేవాళ్లు, ఇంకేం కావాలి. సావన్‌లో ఖీర్ తినకపోతే ఎందుకు పుట్టినట్టు అని వాళ్ల సామెత. రెండో ఏడు బీజీకి అమ్మ పదకొండు అట్లు పోసి వాయినం ఇచ్చింది. బీజీ అవి రెండు చేతులతో అందుకుని తలకి ఆనించుకుంది.

రామయ్య సంగతి కూడా ఆ ఏడాదిదే, 1996 ఆగస్టు. సాయంత్రం రహ్‌రాస్ ప్రార్థన అయ్యాక దర్బార్ సాహిబ్‌లో కూర్చున్నాం, లోపల కాదు, పరిక్రమలో, సరోవరం గట్టున తడి రాయి మీద. అమ్మకి ఆ ఊరు మీద గౌరవం ఇంకో కారణానికి కూడా ఉండేది. 1577లో ఆ ఊరు మొదలెట్టింది నాలుగో గురువు గురు రామ్ దాస్, అసలు పేరు రామ్‌దాస్‌పూర్, ఇప్పటికీ లంగర్, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాల, ఆయన పేరు మీదే నడుస్తుంది. "రామదాసు పేరున్న ఊళ్లో అన్నానికి లోటేమిటి" అనేది. ఆ సాయంత్రం రాగీలు, అంటే కీర్తన్ పాడేవాళ్లు, మలార్ ఎత్తుకున్నారు. అమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రామయ్యా అంటున్నారే."

నేనూ విన్నాను. తూ న బిసారే రామయీయా. మళ్లీ మళ్లీ అదే. మో కౌ తూ న బిసార్, తూ న బిసార్, తూ న బిసారే రామయీయా. ఆ చివరి మాట ఆ రాగంలో సాగదీసినప్పుడు, మా ఊరి రామకోవెల్లో శనివారం భజనలో సాగదీసినట్టే ఉంది, సాక్షాత్తూ రామయ్యా అనే. అమ్మకి కళ్లమ్మట ధారలు. చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది పాట అయ్యేదాకా.

ఇంటికొచ్చాక దార్‌జీని అర్థం అడిగితే, అది నామదేవ్‌ది అన్నారు. నన్ను నువ్వు మరిచిపోకు, నువ్వు మరిచిపోకు రామయ్యా. బిసార్ అంటే మన విస్మరించడమే. శూద్రుడంటూ నామదేవుణ్ణి కొట్టి గుడిలోంచి లేపేస్తే, తండ్రీ విఠలా నేనేం చెయ్యను అని ఆయన ఏడ్చిన పాట. అందరూ నా మీద కోపిలా అంటాడు, కోపం మాట అలాగే ఉంది చూడండి. చివరికి గుడి తిరిగిపోతుంది, గుమ్మం నామదేవుడి వైపుకి, వీపు పూజారుల వైపుకి. ఇక్కడ రాముడంటే అయోధ్య రాముడు కాదు, అంతటా నిండి ఉన్నవాడు, రూపం లేనివాడు అని దార్‌జీ జాగ్రత్తగా, అమ్మ మనసు కష్టపడకుండా చెప్పారు. అమ్మ తలూపి, "మరిచిపోవద్దని అడగడానికి ఎవరైతేనేమండీ" అంది తెలుగులోనే. ఆ మాట నేను పంజాబీలో చెప్పలేకపోయాను. నాకు ఆ వయసుకి మాటలు సరిపోలేదు. కానీ దార్‌జీకి అందిందనే అనుకుంటాను, ఎందుకంటే ఆ సావన్ అంతా ఆయన రోజూ చివర్లో ఆ శబదే వాయించారు.

నవంబర్ 6న తుఫాను వచ్చింది.

కోనసీమవాళ్లకి ఆ తారీఖు చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లినవాళ్లు తిరిగి రాలేదు, కొబ్బరి తోటలు తోటలుగా పడుకున్నాయి. మాకు ఇదంతా అమృత్‌సర్‌లో, చలి మొదలైన వీధిలో, ఇంటివాళ్ల టీవీలో హిందీ వార్తల్లో అరనిమిషం. ఊళ్లో మా నాయనమ్మ, బాబాయి వాళ్లు. ఎస్‌టీడీ బూత్‌లో నాన్న ముమ్మిడివరం నంబరు తిప్పుతూనే ఉన్నాడు, లైను లేదు. నాలుగు రోజులు లైను లేదు. సెలవు అడిగితే పైవాళ్లు ఇప్పుడు కాదు, వచ్చే వారం చూద్దాం అన్నారు. ఇంటికొచ్చి నాన్న ఆ మాట చెప్పిన తీరు నాకు గుర్తుంది. కోపం లేదు. బూట్లు విప్పుకుంటూ, లేసు ముడి పడిపోతే దాన్ని విప్పుతూ, విప్పుతూ, చాలాసేపు తలెత్తలేదు. ఐదో రోజు సెలవు పెట్టకుండానే బయల్దేరాడు. రాత్రి బండికి ఢిల్లీ, అక్కడ జీటీ ఎక్స్‌ప్రెస్, విజయవాడ, రాజమండ్రి, ఆ పైన బస్సులు ఎంతవరకు పోతే అంతవరకు, మిగతాది నడక. నాయనమ్మ బతికే ఉంది. ఇల్లు లేదు, పెంకులు ఎగిరిపోయి గోడలు మిగిలాయి. పెరట్లో తాతయ్య పాతిన నలభై చెట్లలో మూడు నిలబడ్డాయి. ఆవిడ నాన్నని చూసి ఏడవలేదట, "ఇంత దూరం ఏం తిని వచ్చావురా" అందిట.

మళ్లీ సావన్ వచ్చింది, 1997. మొదటి వానకి వీధి వీధంతా బయటికి పరిగెత్తింది, మా అమ్మ కిటికీలు వేసేసింది. గాలి హోరు వింటే ఆవిడకి కాళ్లు వణికేవి. కింద దిల్‌రుబా మొదలైంది, బరస్ మేఘ్ జీ, తిల్ బిలమ్ న లావ్, మేఘమా కురువు, నువ్వుగింజంత ఆలస్యం చెయ్యకు అని గురు అర్జన్ శబద్, నిరుడు అమ్మ పాడగా పాడగా నోటికొచ్చేసిన శబద్. అమ్మ దిగి వెళ్లలేదు. "కురవమని ఎలా అడుగుతారే" అంది. ఎండిపోయిన నేల వాళ్లు ఒకలా అడుగుతారు, సముద్రం పక్కవాళ్లం మనం ఎలా అడుగుతాం? ఆ ప్రశ్నకి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు.

రెండు రోజులు చూసి దార్‌జీ తనే మెట్లెక్కి పైకొచ్చారు. మోకాళ్ల నొప్పులాయన, అదే మొదటిసారి పైకి రావడం. నాన్న ఇంట్లోనే ఉన్నాడు, ఆదివారం. కుర్చీలో కూర్చుని, మలార్ అంటే సంతోషమొక్కటే అని మీరనుకోవద్దు రావు సాబ్ అన్నారు. మలార్ కీ వార్ అనే రచనలో గురు నానక్ రెండు శ్లోకాలు పక్కపక్కనే పెట్టారట, అవి చదివారు. ఒక్కో మాట విడగొట్టి చదివారు, నేను పక్కన నిలబడి వింటున్నాను, ఒక్కో మాటా మా తెలుగు వాచకంలోంచి లేచి వచ్చినట్టుంది. సావన్‌లో వాన పడితే నలుగురికి సంబరం: నాగాఁ, మిర్గాఁ, మఛియాఁ, రసియాఁ. పాములకి, జింకలకి, చేపలకి, ఇంట్లో ధనమున్న రసికులకి. సావన్‌లో వాన పడితే నలుగురికి ఎడబాటు: గాయీ పుత్తా, నిర్ధనా, పంథీ, చాకర్. ఆవు కొడుకులకి, అంటే ఎడ్లకి, వాన పడగానే మెడ మీద కాడి పడుతుంది కదా. పేదవాళ్లకి. బాటసారులకి. చాకరీ చేసేవాళ్లకి.

పంథీ, చాకర్, అని నాన్న మెల్లగా మళ్లీ అన్నాడు. పాంథుడు, చాకరు. నాన్న గుళ్లూ పాటలూ పట్టించుకునే మనిషి కాదు, లెక్కల మనిషి. రెండేళ్లలో ఒక్క సాయంత్రం కూడా కింద కూర్చుని పాట వినలేదు. ఆ రోజు ఆ రెండు మాటలు అని, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ అలా ఉండిపోయాడు. తన సంగతి ఐదొందల ఏళ్ల కిందట ఎవరో రాసిపెట్టారని ఆయనకి అప్పుడు తెలిసింది.

దార్‌జీ ఆ రోజు తన పాంథుల గురించీ చెప్పారు. అప్పుడు దేశమంతా స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లని సంబరాలకి సిద్ధమవుతోంది. 1947 దాకా దర్బార్ సాహిబ్‌లో పాడేవాళ్లలో రబాబీలు ఉండేవాళ్లు. గురు నానక్ వెంట రబాబ్ అనే తంతి వాయిద్యం పట్టుకుని ఊరూరా తిరిగిన భాయి మర్దానా దారిలో వచ్చిన ముస్లిం కుటుంబాలు. తరతరాలుగా గుర్బానీ వాళ్ల నోట్లో ఉంది. పదహారేళ్ల కుర్రాడిగా దార్‌జీ వాళ్ల మలార్ విన్నారు. అదిగో ఆ సావన్ చివర్లోనే గీత పడింది, వాళ్లు లాహోర్ వైపు వెళ్లిపోయారు. యాభై కిలోమీటర్లు. మళ్లీ ఎప్పుడూ వినలేదు. "వాళ్ల దగ్గర విన్నది ఈ చేతుల్లో కొంచెం మిగిలింది, మిగతాది గీత అవతల ఉండిపోయింది" అని ఎడమచెయ్యి చాపి చూపించారు. తీగ ఒరిసి ఒరిసి గాళ్లు పడిపోయిన వేళ్లు.

ఆ సాయంత్రం మేం ముగ్గురం కిందకి దిగాం. బీజీ పిండి కలుపుతోంది. దార్‌జీ ముద్ద గిల్లడానికి చెయ్యి చాపితే, బీజీ అడ్డుపెట్టి, ఆ ముద్ద తనే తీసి మా నాన్న చేతిలో పెట్టింది. నాన్న దాన్ని ఏం చెయ్యాలో తెలీక అటూ ఇటూ చూశాడు. అమ్మ చూపించింది, ఇలా తడపండి, ఇలా ఒత్తండి, మధ్యలో. నాన్న చాలా శ్రద్ధగా, చెక్కు మీద సంతకం పెట్టినంత శ్రద్ధగా అంటించాడు. వీర్‌జీ కొట్టి చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

1998 మేలో మళ్లీ ట్రాన్స్‌ఫర్. వచ్చేముందు దార్‌జీ ఒక క్యాసెట్ ఇచ్చారు, భాయి సముంద్ సింగ్ పాడినది, ఆకాశవాణిలో వచ్చినప్పుడు పట్టుకున్నదట, మధ్యలో ఎవరో గిన్నె పడేసిన చప్పుడు కూడా ఉంది. సముంద్ సింగ్ నన్‌కానా సాహిబ్ నుంచి వచ్చిన గొప్ప రాగీ, ఆ రాగం అంత తీరుబడిగా, అంత నిండుగా పాడినవాళ్లని నేను తర్వాత వినలేదు. తేలికపాటి బాణీల్లో వాద్యాల హోరుతో వచ్చే శబదులు నాకు ఎక్కవు, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. మలార్‌కి మలారే కావాలి. 2022లో దర్బార్ సాహిబ్‌లో హార్మోనియం బదులు మెల్లమెల్లగా రబాబు, దిల్‌రుబా లాంటి తంతి వాయిద్యాలు తేవాలని సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ నుంచి ఆదేశం వచ్చిందని చదివినప్పుడు, బల్బు దగ్గర దిల్‌రుబా తిప్పుతున్న దార్‌జీయే కళ్లముందుకొచ్చారు. ఆయన అప్పటికి లేరు. బీజీ కూడా.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావ్నీ ఉంది, 1830ల్లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన ఫౌజు వాళ్ల సంతతి, నిజాం కొలువు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. పాంథులూ, చాకరులూ! అక్కడి గురుద్వారాకి అమ్మని తీసుకెళ్లాను ఒక ఆగస్టులో. పక్కన కూర్చున్న పెద్దామె "ఎక్కడ్నుంచి ఒచ్చిన్రమ్మా" అని అచ్చంగా తెలంగాణ తెలుగులో అడిగితే అమ్మ తేరుకోవడానికి నిమిషం పట్టింది. అమృత్‌సర్‌లో మూడేళ్లపాటు మూగగా కూర్చున్న మనిషి, ఇప్పుడు గురుద్వారాలో కూర్చుని తెలుగులో కబుర్లాడింది. నామదేవ్ శబద్ పాడతారా అని అడిగింది. పాడతరమ్మా, రామయీయా, అని ఆవిడే గొంతు తగ్గించి ఒక్క వరస అంది. అమ్మ అందుకుంది. మా రి ప, జారి, గెంతి. డెబ్బై దాటిన గొంతు, గెంతు దగ్గర కొంచెం తడబడింది.

నాన్న ఊళ్లోనే ఉంటాడు, రిటైరయ్యాక గోడలు లేపి ఇల్లు మళ్లీ కట్టుకున్నాడు, అమ్మ అటూ ఇటూ తిరుగుతుంటుంది. పెరట్లో ఆ మూడు చెట్లతో కలిపి ఇప్పుడు ముప్పై ఉన్నాయి. పంచాంగం చూడని మనిషి, పండగ తేదీలు అమ్మ చెబితే తప్ప తెలియని మనిషి, ఏటా జూలై 16 పొద్దున్నే నాకు ఫోన్ చేస్తాడు. మొన్నా చేశాడు. వెనకాల పెంకుల మీద వాన చప్పుడు వినిపిస్తోంది.

"ఇవాళ సావన్ సంగ్రాంద్ కదమ్మా. అక్కడ పడుతోందా?"

పడటం లేదు నాన్నా, మబ్బు పట్టి ఉంది, అన్నాను.

"అయితే ఫోన్ పెట్టెయ్యకు, ఉండు" అని, ఫోన్ తీసుకెళ్లి వసారా చూరు కింద పట్టుకున్నాడు.